కోరల్‌కి నంబరు పడవ మీదే పడాలి: ఫోన్ యాప్‌తో ట్యాగింగ్ చేసే పద్ధతి

సముద్రంలోంచి తీసిన కోరల్‌కి, అంటే బతికున్న పగడానికి, నంబరు ట్యాగ్ ఎప్పుడు కట్టాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. నీళ్లలోంచి పడవ మీదికి వచ్చిన వెంటనే కట్టాలి. షెడ్డుకి తెచ్చి, తొట్టెల్లో సర్దేసి, సాయంత్రం తీరిగ్గా కట్టే ట్యాగ్‌ని నేను లెక్కలోకి తీసుకోను. అప్పటికి మనం రాసేది మనకి గుర్తున్నది మాత్రమే. ఏ ముక్క ఏ రీఫ్‌దో (పగడపు దిబ్బదో), ఎంత లోతులో దొరికిందో సముద్రం మీద రాయకపోతే ఇక ఎవరికీ తెలియదు.

నేను ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని కెయిర్న్స్‌లో ఉంటాను. అక్వేరియంలకు ప్రాణంతో కోరల్ ఎగుమతి చేసే ఒక షెడ్డులో రికార్డుల పని నాది. నెల్లూరు దగ్గర ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదువుకుని ఇటు వచ్చాను. చదువు కోసం వచ్చి, ఇలాంటి షెడ్లలో పార్ట్ టైం పనికి చేరే మన పిల్లలు మొదట అడిగేది ఈ ట్యాగింగ్ గురించే. వాళ్ల కోసం, సముద్ర ఉత్పత్తుల ట్రేసబిలిటీ (సరుకు ఎక్కడిదో వెనక్కి వెళ్లి చూపించగలగడం) మీద ఆసక్తి ఉన్న మన ఆక్వా వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరికేది. దాని సంగతి వేరు, ఇక్కడ మాట్లాడేది బతికి ఉన్న కోరల్ గురించి.

ముందు చట్టం సంగతి తేల్చుకుందాం. క్వీన్స్‌లాండ్‌లో లైసెన్సు ఉన్నవాళ్లు కోరల్ సేకరించవచ్చు. ఏడాదికి మొత్తం కోటా 200 టన్నులు. అందులో 60 టన్నులు స్పెషాలిటీ కోరల్ (అక్వేరియంల కోసం ఎంచి తీసే రకాలు), మిగతా 140 టన్నుల్లో లైవ్ రాక్ (చిన్న జీవులు పట్టిన రీఫ్ రాయి) లాంటివి వస్తాయి. డైవర్లు పడవ మీది కంప్రెసర్ నుంచి గొట్టం ద్వారా గాలి పీలుస్తూ, సుత్తి, ఉలి పట్టుకుని ఒక్కొక్కటిగా చేత్తోనే తీస్తారు. గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్క్‌లో 2004 నుంచి దాదాపు మూడో వంతు గ్రీన్ జోన్. అక్కడ దేన్నీ తీయకూడదు. భారతదేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. రీఫ్ కట్టే రాతి కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖలో గానీ, అండమాన్‌లో గానీ, లక్షద్వీప్‌లో గానీ తీయడం నేరం. ఇక్కడ ఆస్ట్రేలియా బీచ్‌లో దొరికిన ముక్కని ముచ్చటపడి ఇంటికి సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లే ఆలోచన కూడా పెట్టుకోకండి.

రాతి కోరల్స్ అన్నీ సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. అంటే ఎగుమతికి పర్మిట్ కావాలి. తికమక మొదలయ్యేది ఇక్కడే. కోటా లెక్క బరువులో, కిలోల్లో ఉంటుంది. సైటీస్ పర్మిట్‌లో ప్రాణమున్న కోరల్‌ని ముక్కల్లో లెక్కపెడతారు. ఒకే సరుక్కి రెండు లెక్కలు, రెండు కొలతలు. మధ్యలో కోరల్‌ని తొట్టెలో పెంచడానికి కోస్తే ముక్కల సంఖ్య పెరుగుతుంది, సముద్రం నుంచి తెచ్చిన బరువు మాత్రం పెరగదు. ఈ రెండింటినీ కలిపి పట్టుకునేది ట్యాగ్ నంబరే.

భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో పనిచేసినవాళ్లకు ట్రేసబిలిటీ కొత్త కాదు. చెరువుకి ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉంటుంది, పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్ష సర్టిఫికెట్ ఉంటుంది, ఆ చెరువు సరుకంతా ఒక లాట్‌గా ప్రాసెసింగ్ ప్లాంటుకి పోతుంది. రొయ్య రొయ్యకీ నంబరు అక్కర్లేదు. కోరల్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒకే బుట్టలో నాలుగు జాతులు ఉండొచ్చు, రెండు డైవ్‌లవి కలవొచ్చు, ఒకటి రేపే అమ్ముడై ఇంకొకటి ఏడాది పాటు తొట్టెలోనే పెరగొచ్చు. కాబట్టి ముక్క ముక్కకీ నంబరు వేయాల్సిందే.

యాప్ ఏది?

సొంతంగా యాప్ రాయించుకోవాల్సిన పని లేదు. కోబోకలెక్ట్ గానీ, ఓడీకే కలెక్ట్ గానీ చాలు. రెండూ ఉచితంగా దొరుకుతాయి, ఆండ్రాయిడ్ ఫోన్లో నెట్ లేకుండా పనిచేస్తాయి, క్యూఆర్ కోడ్ చదువుతాయి, ఫొటో, జీపీఎస్ తీసుకుంటాయి. రీఫ్ దగ్గర సిగ్నల్ ఉండదు కాబట్టి ఆఫ్‌లైన్‌లో పనిచేయడమే అన్నిటికన్నా ముఖ్యం. ఒడ్డుకొచ్చి వైఫై దొరకగానే ఫారాలు వాటంతటవే వెళ్లేలా సెట్టింగ్ పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: ఇది మీ కంపెనీ సొంత రికార్డు మాత్రమే. ప్రభుత్వానికి పంపాల్సిన లాగ్‌బుక్‌కి ఇది బదులు కాదు, దాన్ని విడిగా నింపాలి.

ఫారం చిన్నగా ఉండాలి. పడవ మీద తడి చేతులతో, ఊగుతూ నింపే ఫారం అది. ట్యాగ్ స్కాన్, డైవ్ నంబరు, జాతి, లోతు, ఫొటో. అంతకు మించి అడగొద్దు. తేదీ, టైము ఫోనే వేసుకుంటుంది. రీఫ్ పేరు, పడవ పేరు, డైవర్ ఎవరు అన్నవి డైవ్‌కి ఒకసారి వేరే ఫారంలో నింపి, ముక్కల ఫారంలో డైవ్ నంబరు మాత్రం పెడితే సరిపోతుంది. పాతిక ప్రశ్నల ఫారం ఇచ్చి చూడండి, మూడో ముక్కకే "అక్కా, సాయంత్రం రాసేద్దాంలే" అంటాడు కుర్రాడు. తప్పు వాడిది కాదు, ఫారందే.

ట్యాగ్ తయారీ

ట్యాగ్‌లు ముందే ముద్రించి, వరస నంబర్లతో తీగకి గుచ్చి పెట్టుకోవాలి. తీగ అన్నాను కదా అని రాగి తీగ వాడకండి. రాగి కోరల్‌కి విషం, తొట్టెలో కొంచెం కరిగినా ప్రాణం తీస్తుంది. ఇనుము తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ రింగే మంచిది. ట్యాగ్ కూడా గట్టి ప్లాస్టిక్‌దే ఉండాలి. బిల్లులు కొట్టే థర్మల్ ప్రింటర్ కాగితం మీద అక్షరాలు త్వరలోనే వెలిసిపోతాయి.

క్యూఆర్‌లో నంబరు తప్ప ఇంకేమీ పెట్టొద్దు. జాతి, తేదీ, రీఫ్ అన్నీ అందులోనే కుక్కితే గళ్లు మరీ చిన్నవై, కాస్త నాచు పట్టగానే చదవడం మానేస్తుంది. నంబరు ఒక్కటే ఉంటే గళ్లు పెద్దగా వస్తాయి. ముద్రించేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ 'హెచ్' స్థాయి ఎంచుకోండి. కోడ్‌లో 30 శాతం దాకా పాడైనా చదవగలుగుతుంది. తొట్టెలో కొన్ని వారాలు ఉంటే ట్యాగ్ మీద ఆకుపచ్చ నాచు, తర్వాత గులాబీ రంగు సున్నపు నాచు పట్టడం ఖాయం. మెత్తని టూత్ బ్రష్ ఒకటి తొట్టె పక్కనే ఉంచుకుని రుద్దుతూ ఉండాలి. క్యూఆర్ కింద అదే నంబరు పెద్ద అంకెల్లో కంటికి కనబడేలా ఉండాలి. మా నంబర్లలో అక్షరాలు ఉండవు, అన్నీ అంకెలే. ఇంగ్లిష్ 'ఓ'కీ సున్నాకీ, 'ఐ'కీ ఒకటికీ తేడా తెలియక పడే బాధ అలా తప్పింది. స్కాన్ కాని పక్షంలో చేత్తో నంబరు కొట్టాల్సి వస్తే ఫారం రెండుసార్లు అడగాలి, రెండూ కలిస్తేనే ముందుకి పోవాలి.

ట్యాగ్‌ని కోరల్ కండకి తగలనివ్వకూడదు. ఉలితో తీసిన ముక్కకి అడుగున బోడి రాయి ఉంటుంది, అక్కడ సూపర్ గ్లూ జెల్ చుక్క వేసి అంటించవచ్చు. కొమ్మలుగా పెరిగే వాటికి అడుగు కొమ్మకి జిప్ టై వేస్తే సరి. ట్రాకీఫిలియా, కాటలాఫిలియా లాంటి కోరల్ జాతులు రాయికి అతుక్కోకుండా ఇసుకలోనో బురదలోనో విడిగా పడి ఉంటాయి. వాటి కండ నీళ్లు పీల్చుకుని పువ్వులా ఉబ్బి ఉంటుంది, కింద అస్థిపంజరం అంచులు మాత్రం పదును. ఉబ్బి ఉన్నదాన్ని ఒక్కసారిగా నీళ్లలోంచి పైకి లేపితే కండ కిందికి వేలాడి ఆ అంచుకే కోసుకుపోతుంది. అందుకే ముందు నీళ్లలోనే చేత్తో మెల్లగా అలలా ఊపాలి. అది ముడుచుకుంటుంది, నీళ్లు వదిలేస్తుంది. అప్పుడు అడుగు భాగాన్ని పట్టుకుని తీయాలి. బరువు తూచడానికి కూడా ఇదే పద్ధతి, ఉబ్బినప్పుడు తూస్తే తూచేది సగం సముద్రపు నీళ్లనే. ఇలాంటి వాటికి ట్యాగ్ అంటించకుండా, అది కూర్చున్న చిన్న గళ్ల బుట్టకి కడతాం. బుట్ట మారితే ట్యాగ్ కూడా దానితో మారాలి. షెడ్డులో నేను పట్టుబట్టి చూసే విషయం ఇది.

పడవ మీద

డైవర్‌కి నీళ్లలో ఫోన్ ఉండదు, జీపీఎస్ నీటి కింద పనిచేయదు. కాబట్టి నీళ్లలోంచి వచ్చే బుట్టే మొదటి ట్యాగ్ అనుకోవాలి. ఒక డైవ్‌కి ఒక రంగు బుట్ట, దానికి డైవ్ నంబరు. లోతు డైవర్ మణికట్టుకున్న కంప్యూటర్ చూసి చెబుతాడు. బుట్ట పైకి రాగానే నీడలో ఉన్న తొట్టెలో ముంచి, ఒక్కొక్కటీ తీసి ట్యాగ్ పెట్టి స్కాన్ చేసి, తర్వాతే నిల్వ తొట్టెలోకి. ఒక బుట్ట పూర్తి కాకుండా రెండో బుట్ట ముట్టుకోవద్దు. పడవ నడిపే ఆయన తొందరపెట్టినా సరే.

ఫోన్‌ని వాటర్‌ప్రూఫ్ కవర్లో పెట్టుకున్నా తెర మీద ఉప్పునీటి చుక్కలు పడితే దానంతట అదే ఏవేవో నొక్కేసుకుంటుంది. పొడి తువ్వాలు ఒకటి మెడలో ఉండాలి. ఫొటోకి తెర నొక్కకుండా వాల్యూమ్ బటన్ వాడండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని ఫోన్ల తెర నల్లగా కనిపిస్తుంది, ఫోన్ పాడైందని కంగారు పడకుండా అడ్డంగా తిప్పి చూడండి. సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులతో మాత్రం కోరల్‌ని పట్టుకోవద్దు, గ్లవ్స్ వేసుకోండి.

ఇక అక్షాంశ రేఖాంశాలు. వీటి దగ్గర తీరిగ్గా నిలబడాలి, ఎందుకంటే ఇక్కడి తప్పు చూడ్డానికి తప్పులా కనిపించదు. నెట్ లేకపోయినా ఫోన్ జీపీఎస్ పనిచేస్తుంది, కాకపోతే మొదటిసారి పట్టుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. పడవ రీఫ్ చేరే ముందే ఆన్ చేసి ఆకాశం కనిపించే చోట పెట్టండి. ఫోన్ తీసుకున్న పాయింట్‌నే వాడటం మేలు. పడవ ప్లాటర్ (పడవ ఎక్కడుందో చూపే తెర) చూసి చేత్తో రాయాల్సి వస్తే రెండు గండాలు ఉన్నాయి. ప్లాటర్ సాధారణంగా డిగ్రీలు, నిమిషాలు చూపిస్తుంది. 16 డిగ్రీల 45.500 నిమిషాలు అని ఉంటే, యాప్‌కి కావాల్సింది 16.7583. నిమిషాల్ని 60తో భాగించాలి. అలా కాకుండా 16.455 అని కొట్టేస్తే పాయింట్ దాదాపు 34 కిలోమీటర్లు జరిగిపోతుంది. ఆ దూరంలో ఇంకో రీఫ్ ఉంటుంది, అది గ్రీన్ జోన్‌లో కూడా ఉండొచ్చు. నిజాయితీగా తీసిన కోరల్ కాగితం మీద దొంగ సరుకై కూర్చుంటుంది.

రెండోది మైనస్ గుర్తు. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఎవరూ మైనస్ పెట్టరు, భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నాం కాబట్టి. ఇక్కడ దక్షిణం, మైనస్ తప్పనిసరి. అది మర్చిపోతే కెయిర్న్స్ దగ్గరి పాయింట్ పసిఫిక్‌లో ఉత్తర మరియానా దీవుల్లో, సైపాన్‌కి ఉత్తరాన పోయి పడుతుంది. ఫారంలో అక్షాంశం మైనస్ 10కీ మైనస్ 25కీ మధ్య లేకపోతే ఒప్పుకోని షరతు పెట్టేస్తే ఈ గొడవ మొదట్లోనే ఆగిపోతుంది.

పేర్లు

జాతి పేరు ఎప్పుడూ టైప్ చేయనివ్వకండి, లిస్టులోంచి ఎంచుకునేలా పెట్టండి. డైవర్లు, కొనేవాళ్లు వాడే పేర్లు వేరు: స్కోలీ, ఏకాన్, టార్చ్, హ్యామర్, ఎలిగెన్స్. శాస్త్రీయ నామాలేమో మారుతూ ఉంటాయి. స్కోలీ అనేదాన్ని ముందు స్కోలీమియా ఆస్ట్రాలిస్ అనేవాళ్లు, ఇప్పుడు హోమోఫిలియా ఆస్ట్రాలిస్. ఏకాన్ ఒకప్పుడు అకాంథాస్ట్రియా లార్డ్‌హోవెన్సిస్, ఇప్పుడు మైక్రోముస్సా లార్డ్‌హోవెన్సిస్. హ్యామర్ యూఫిలియా ఆంకోరా నుంచి ఫింబ్రియాఫిలియా ఆంకోరా అయింది. పాత పేరుతో పర్మిట్, కొత్త పేరుతో రికార్డు ఉంటే కస్టమ్స్ దగ్గర అవి రెండు వేర్వేరు జాతులే. అందుకే మా లిస్టు వెనక మూడు గడుల పట్టిక ఉంటుంది: వాడుక పేరు, ఇప్పటి శాస్త్రీయ నామం, పర్మిట్‌లో ఉండాల్సిన పేరు. డైవర్ టార్చ్ అని నొక్కుతాడు, మిగతా రెండూ యాప్ నింపుకుంటుంది. పేరు మారిందేమో చూసుకోవడానికి వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీసీస్ వెబ్‌సైట్ నమ్మదగ్గది.

సైటీస్ కిందికి వస్తుందా రాదా అన్నది కూడా ఆ పట్టికే చెప్పాలి. మెత్తని కోరల్స్‌లో చాలావాటికి, జోయాంథస్‌కి, మష్రూమ్ కోరల్స్ అని అమ్మే కొరాలిమార్ఫ్‌లకి సైటీస్ పర్మిట్ అక్కర్లేదు. కానీ నీలి కోరల్ హీలియోపోరా, ఆర్గన్ పైప్ కోరల్ ట్యూబిపోరా రాతి కోరల్స్ కాకపోయినా రెండో అనుబంధంలో ఉన్నాయి. ఇది పనివాడి జ్ఞాపకానికి వదిలేసే సంగతి కాదు.

ఫొటో

నంబరు పోయిన రోజున కోరల్‌ని గుర్తుపట్టడానికి మిగిలేది ఫొటోనే. పైనుంచి నిలువుగా, ట్యాగ్, చిన్న స్కేలు, కోరల్ మూడూ ఒకే ఫ్రేములో పడేలా తీయాలి. పక్కన కోరల్‌వాచ్ వాళ్ల రంగుల కార్డు పెడితే ఇంకా మంచిది. యూనివర్సిటీ ఆఫ్ క్వీన్స్‌లాండ్‌లో పుట్టిన కార్డు అది, రంగు ఎంత పాలిపోయిందో ఒకటి నుంచి ఆరు వరకు అంకెల్లో చెప్పొచ్చు. 2016, 2017, 2020, 2022, 2024ల్లో ఈ రీఫ్ పెద్ద ఎత్తున తెల్లబడింది. వచ్చినప్పుడే పాలిపోయి ఉందా, మన తొట్టెలో పాలిపోయిందా అన్నది ఆ మొదటి ఫొటో తప్ప ఎవరూ చెప్పలేరు. నీలం ఎల్‌ఈడీ వెలుగులో కోరల్ మెరిసిపోతుంది, అమ్మకానికి ఆ ఫొటో పనికొస్తుందేమో, రికార్డుకి పనికిరాదు. నీడలో పగటి వెలుగులో తీసిందే వాడాలి.

షెడ్డులో

షెడ్డుకి వచ్చాక జరిగే ప్రతి కదలికా ఒక స్కాన్. తొట్టె గోడకి తొట్టె క్యూఆర్ ఉంటుంది. ముందు కోరల్, తర్వాత తొట్టె స్కాన్ చేస్తే ఎక్కడుందో రికార్డవుతుంది. చచ్చిపోతే అదీ రాయాలి, కారణం తెలిస్తే కారణంతో సహా. చచ్చినదాని నంబరు ఇంకోదానికి ఎప్పటికీ ఇవ్వకూడదు.

ఒక కోరల్‌ని కోసినప్పుడు ఆ తల్లి నంబరు మూసేసి, దాని ముక్కలకి, అంటే పిల్లలకి, కొత్త ట్యాగ్‌లు వేసి, ఫారంలో తల్లి నంబరు స్కాన్ చేయాలి. తల్లి నంబరు వెనకే గీత పెట్టి ఒకటి, రెండు అని రాసుకునే అలవాటు కొందరికి ఉంది. మొదటి తరంలో బాగానే ఉంటుంది, ఆ పిల్లల్ని మళ్లీ కోసేసరికి నంబరు తోకలా పెరిగిపోయి ట్యాగ్ మీద పట్టదు. కొత్త నంబరు, తల్లి ఎవరో చెప్పే గడి, అంతే. పర్మిట్‌లో సోర్స్ కోడ్ అని ఒకటి ఉంటుంది. సముద్రం నుంచి నేరుగా వచ్చినది 'డబ్ల్యూ'. తొట్టెలో పెంచిన ముక్కలకి వేరే కోడ్ కోరాలంటే తల్లి ఎప్పుడు ఎక్కడిది, పిల్ల ఎప్పుడు కోసింది అన్న గొలుసు చూపించగలగాలి. ఆ గొలుసు లేనివాళ్లు ఎంత బాగా పెంచినా అధికారి ముందు నిరూపించుకోలేరు.

ప్యాకింగ్‌లో సంచి మీద అదే నంబరు, పెట్టె మీద అందులోని నంబర్ల జాబితా, ఆ జాబితా పర్మిట్‌తో సరిపోయిందా అని చూడటం. సైటీస్ ఎగుమతి పర్మిట్ ఆరు నెలలే చెల్లుతుంది, గడువు తేదీ ఫారంలో పెడితే యాప్ ఆపేస్తుంది. విమానాల కోసం ప్యాకింగ్ తరచూ అర్ధరాత్రి దాటాకే నడుస్తుంది. మనవాళ్లలో చాలామంది ఇంటివాళ్లతో మాట్లాడే వీలు కోసం ఫోన్‌నో లాప్‌టాప్‌నో ఇండియా టైములో ఉంచుకుంటారు. క్వీన్స్‌లాండ్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి రెండింటికి ప్యాక్ చేసినది అక్కడి గడియారంలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. పర్మిట్ మొదలయ్యే తేదీకి ముందే సరుకు ప్యాక్ అయినట్టు కనిపిస్తే వివరణలు ఇచ్చుకుంటూ కూర్చోవాలి. పని ఫోన్ మాత్రం బ్రిస్బేన్ టైములోనే, అంటే క్వీన్స్‌లాండ్ టైములోనే, ఉండాలి.

వారానికోసారి ఒక పని చేయండి. తొట్టెలోంచి ఏదో ఒక ముక్క తీసి, స్కాన్ చేసి, వెనక్కి వెళ్లండి. తల్లి, డైవ్, రీఫ్, తేదీ, మొదటి ఫొటో వరుసగా రావాలి. ఫొటోలోదీ చేతిలోదీ ఒకటేనా అని కళ్లతో చూడండి. కొత్తగా చేరినవాళ్ల చేత చేయిస్తే ఇంకా మంచిది, తొట్టెలో ఏది ఎక్కడిదో వాళ్లకి తెలియదు కాబట్టి రికార్డునే నమ్ముతారు.

ట్యాగ్ ఊడిపోయిన ముక్క దొరికితే పక్కనున్న దాన్ని చూసి అదీ అదే బ్యాచ్ అయ్యుంటుందని నంబరు వేయకండి. ఫొటోలతో పోల్చండి. ఇద్దరు విడివిడిగా చూసి ఇద్దరూ ఒకే నంబరు చెబితే కొత్త ట్యాగ్ వేసి, పాత నంబరు, గుర్తుపట్టినవాళ్ల పేర్లు రాయండి. లేకపోతే ఫారంలో 'మూలం తెలియదు' అని పెట్టి, ఆ ముక్కని ఎగుమతి తొట్టెల నుంచి తీసేయండి. మా షెడ్డులో అలాంటి వాటికి వేరే తొట్టె ఉంది. అక్కడ వాటికి మేతా, వెలుగూ మిగతావాటితో సమానంగానే ఇస్తాం. ఎంత ఖరీదైన రంగులో ఉన్నా సరే, ఆ తొట్టెలోంచి పెట్టెలోకి ఏదీ వెళ్లదు.